అమ్మ ఎవరి వంతు?

మన ఇళ్ళలో ఆడవాళ్ళు దేవుణ్ణి అడిగే కోరికలన్నిటిలోకీ గట్టిది ఒకటుంది. పసుపు కుంకుమలతో పోవాలి. అట్లతద్ది నోమైనా, శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతమైనా చివరికి ఆ కోరిక దగ్గరికే చేరుతుంది. కాళ్ళకు దండం పెట్టిన కొత్త పెళ్ళికూతుర్ని పెద్దలు దీవించేదీ దాన్ని మనసులో పెట్టుకునే. ఆ దీవెన సగం మంది విషయంలో ఫలించలేదని 2011 జనగణన చెప్పింది. అరవై దాటిన ఆడవాళ్ళలో 48 శాతం మంది భర్తను పోగొట్టుకున్నవాళ్ళు. అదే వయసు మగవాళ్ళలో భార్య పోయినవాళ్ళు 15 శాతమే.

ఇందులో వింతేమీ లేదు. ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నవాళ్ళ పెళ్ళినాటికి వరుడు ఏడెనిమిదేళ్ళు పెద్దయితే ఈడూ జోడూ కుదిరిందనేవారు. పదేళ్ళు పెద్దయినా ఎవరూ ఆక్షేపించేవారు కాదు. పైగా మగవాడి ఆయుష్షును బీడీ, చుట్ట, సారా, రోడ్డు ప్రమాదం, గుండెజబ్బు తలా కాస్త తగ్గిస్తూ వచ్చాయి. భార్య పోయిన మగవాడికి మళ్ళీ సంబంధం చూడడానికి బంధువులే పూనుకుంటారు. భర్త పోయిన ఆమె విషయంలో ఆ మాట ఎత్తడానికే జంకుతారు. 2016-20 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవారి సగటు ఆయుర్దాయం 71.4 ఏళ్ళు, మగవారిది 68.6 ఏళ్ళు. అంటే చాలా మంది ఆడవాళ్ళకు జీవితంలో చివరి పదేళ్ళు, ఒక్కోసారి పదిహేనేళ్ళు, భర్త లేకుండానే గడుస్తాయి. ఇది వయసు లెక్క. అయినా ఏ నోములో ఏ లోటు చేశానో అని లోలోపల కుమిలే తల్లులు మన మధ్య ఇప్పటికీ ఎంతమందో. దీర్ఘాయువును శిక్షలా మోసే పరిస్థితి ఏ మనిషికీ రాకూడదు.

1971లో దేశంలో 60 దాటిన ప్రతి వెయ్యి మంది మగవాళ్ళకు 938 మంది ఆడవాళ్ళే ఉన్నారు. 2011కి ఆ సంఖ్య 1033 అయింది. 2026కి 1060 అవుతుందని అంచనా. 2021 నాటికి దేశంలోని వృద్ధుల్లో ఆడవాళ్ళు 7.1 కోట్లు, మగవాళ్ళు 6.7 కోట్లు ఉంటారని జనాభా నిపుణులు లెక్కగట్టారు. 2031కి ఆ అంకెలు 10.1 కోట్లు, 9.3 కోట్లు. ఎనభై దాటినవాళ్ళ సంఖ్య 2022 నుంచి 2050 లోపు దాదాపు నాలుగు రెట్లవుతుందని, వాళ్ళలో ఎక్కువ మంది భర్త లేని, ఇతరుల మీద ఆధారపడిన స్త్రీలే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక హెచ్చరించింది. ఆడపిల్ల పుట్టక ముందే వద్దనుకున్న దేశం మనది. 2011లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 919 మంది ఆడపిల్లలే ఉన్నారు. వద్దనుకున్నా పుట్టి, పెరిగి, పురుళ్ళు దాటి, అందరికంటే ఎక్కువకాలం నిలబడినవాళ్ళు ఈ పెద్దవయసు ఆడవాళ్ళు. పురిటి మరణాలు తగ్గడం, కాన్పులు ఆసుపత్రికి చేరడం ఇందుకు బాగా తోడ్పడ్డాయి. అది మనం సాధించిన మంచే. ఆంధ్రప్రదేశ్ జనాభాలో 2021 నాటికి 12.4 శాతంగా ఉన్న వృద్ధులు 2031కి 16.4 శాతం అవుతారు. దేశంలో త్వరగా పెద్దవయసుకు చేరుతున్న రాష్ట్రాల్లో కేరళ, తమిళనాడుల సరసన మనమూ ఉన్నాం. పిల్లల్ని ఎక్కువమందిని కనండని నాయకులు ఇప్పుడు చెబుతున్నారు. కన్నవాళ్ళ సంగతి కూడా అంత గట్టిగా మాట్లాడుకోవాలి.

ఎందుకంటే ఇవాళ అరవై దాటిన ఆడవాళ్ళది ఒక ప్రత్యేకమైన తరం. వీళ్ళు బడికి వెళ్ళాల్సిన వయసులో, 1971 జనగణన నాటికి, ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 16 శాతం లోపే. చట్టాలు కూడా చాలావరకు వీళ్ళు దాటిపోయాకే వచ్చాయి. కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ పిత్రార్జితంలో హక్కు ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశానికే దారి చూపిన గొప్ప చట్టం అది. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించలేదు. ఇవాళ అరవై దాటినవాళ్ళలో చాలామందికి అప్పటికే మెడలో తాళి పడింది. ఆ పెళ్ళి షరతు లేకుండా కేంద్రం 2005లో చట్టం సవరించేసరికి చాలా ఇళ్ళలో అన్నదమ్ముల పంపకాలు ముగిసిపోయాయి. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ఆ సవరణ కదిలించలేదు. అక్కకు దక్కనిది చెల్లెలికి దక్కింది. తల్లికి దక్కనిది కూతురికి దక్కింది. మధ్యలో ఉండిపోయినవాళ్ళే ఇప్పుడు మన ఇళ్ళలోని పెద్దమ్మలు, అత్తమ్మలు, నాయనమ్మలు.

పుట్టింటి ఆస్తి సంగతి అలా ఉంచినా, భర్త ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వాటా ఉందని 1956 నాటి వారసత్వ చట్టమే చెప్పింది. వీలునామా లేకుండా భర్త చనిపోతే ఆ వాటా ఆమెది. మరి ఏం జరుగుతోంది? పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు కొడుకులు ఆమెను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళతారు. ‘అమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి’ అంటారు. తన వాటా పిల్లలకు వదిలేస్తున్నట్టు రాసిన కాగితం అది. చదివి వినిపించేవాళ్ళు ఉండరు. వినిపించినా ఆమె కాదనదు. ‘నాకెందుకురా అయ్యా, మీరు చల్లగా ఉంటే చాలు’ అంటుంది. నలభై ఏళ్ళు ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కుప్ప నూర్చిన మనిషి పేరు పాసు పుస్తకంలో ఏనాడూ లేదు. ఇప్పుడు అది వచ్చే దారి కూడా ఆ ఒక్క ముద్రతో మూసుకుపోతుంది. పిల్లలు చెడ్డవాళ్ళు కావడం వల్ల ఇలా జరుగుతోందని మేము అనుకోవడం లేదు. తల్లికి వేరుగా ఒక ఆస్తి ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం వల్ల జరుగుతోంది. చాలా ఇళ్ళలో తల్లికే రాదు.

ఆ తరువాత మొదలయ్యేవి వంతులు. తండ్రి ఉన్నంతకాలం ఆ ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. పండగకు అందరూ అక్కడికే వస్తారు. ఆయన పోయిన ఏడాదిలోపే ఇంటికి తాళం పడుతుంది, లేదా ఒక కొడుకు వాటాకు వెళుతుంది. అమ్మ నెలకొకరి దగ్గర ఉండేటట్టు పెద్దమనుషుల సమక్షంలో మాట అవుతుంది. ఆమె సంచిని ఎప్పుడైనా గమనించారా? రెండు మూడు చీరలు, జాకెట్లు, బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ కలిపి పెట్టుకున్న మందుల షాపు కవరు, కళ్ళజోడు, ఆధార్ కార్డు జిరాక్సు, బ్యాంకు పుస్తకం, చిన్న దేవుడి పటం. అంతే. ఒకటో తేదీ వచ్చేసరికి ఆ సంచి ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి మారుతుంది. నెలకు 31 రోజులుంటే ఆ పైరోజు ఎవరి ఖాతాలోకి వస్తుందన్న గుసగుస కూడా ఆమె చెవిన పడుతుంది. చిన్నకోడలి ఇంట్లో పొద్దున్నే ఉప్మా, పెద్దకోడలి ఇంట్లో చద్దన్నం. ఒక ఇంట్లో టీవీ గదిలో మంచం, ఇంకో ఇంట్లో వరండాలో నవారు మంచం. రాత్రి బాత్‌రూముకు లేవాలంటే ఏ ఇంట్లో ఏ పక్కకు తిరగాలో నిద్రమత్తులో గుర్తు తెచ్చుకోవాలి. అలాంటి రాత్రులలో పెద్దవాళ్ళు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడమూ ఉంది. వంతుల్లో న్యాయం కొడుకుల మధ్య జరుగుతుంది. అమ్మకు ఏది నచ్చుతుందన్నది ఆ మాటల్లోకి రాదు.

కూతురింట్లో ఉండొచ్చు కదా అంటే, అల్లుడి ఇంట్లో తిష్ఠ వేసిందంటారన్న బెంగ. నిజానికి ఇప్పుడు చాలామంది తల్లుల్ని ఆసుపత్రికి తీసుకెళుతున్నదీ, రాత్రిపూట ఫోను చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నదీ కూతుళ్ళే. ఇద్దరు పిల్లలూ ఆడపిల్లలే అయిన ఇళ్ళు పెరుగుతున్న కొద్దీ ఆ పాత బెంగ తగ్గక తప్పదు. ఆ విషయంలో ఒక చిన్న మార్పు మాకు ఎంతో సంతోషం కలిగించింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. పక్క మండలంలో కూతురింటికి పోయిరావడానికి ఇప్పుడు కొడుకును డబ్బులు అడగక్కర్లేదు. ఆ పథకం ఖర్చు గురించి వాదించేవాళ్ళు వాదించవచ్చు. పొద్దున పూట పల్లెవెలుగు బస్సులో ఊతకర్ర పక్కన పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న ముసలమ్మలను చూసి వాదిస్తే మంచిది.

ఆరోగ్యం సంగతి ఇంకా నిదానంగా మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు, కానీ ఎక్కువకాలం నొప్పితోనూ బతుకుతారు. మోకాళ్ళు, నడుము, కంటిలో శుక్లాలు, రక్తపోటు. వీటికి తోడు తెలుగు నేలకు ప్రత్యేకమైన ఒక గాయం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళితే తీసేస్తే పీడా పోతుందని చెప్పి, ముప్పై అయిదేళ్ళకే ఆపరేషను చేసి పంపిన రోజులు మనకు తెలుసు. కూలి పోగొట్టుకోలేని ఆడవాళ్ళు సరేనన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా పోయినవాళ్ళకు ఎముకలు ముందే గుల్లబారతాయి. ఇవాళ యాభై అయిదేళ్ళకే కింద కూర్చుని లేవలేకపోతున్న పల్లెటూరి ఆడవాళ్ళలో ఎందరి బాధకు మూలం ఆ ఆపరేషను బల్ల మీద ఉందో ఎవరూ అడగడం లేదు. దగ్గితే, తుమ్మితే మూత్రం జారడం ఇంకో బాధ. దాని గురించి కోడలికి చెప్పలేరు, మగ డాక్టరుకు అసలే చెప్పలేరు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు. ‘అత్తయ్యకు ఎక్కడికీ రావడం ఇష్టం ఉండదు’ అని ఇంట్లో అనుకుంటారు.

మగవాడికి జబ్బు చేస్తే పక్కన భార్య ఉంటుంది. మంచం పట్టిన భర్తకు అన్నీ తనే అయి నాలుగేళ్ళు చాకిరీ చేసిన ఆమె, తనకు అదే స్థితి వచ్చేసరికి ఒంటరి. ఆమె చాకిరీ భర్తతోనూ ఆగదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కోనసీమ, కడప ఆడపిల్లల బిడ్డల్ని పెంచుతున్నది అమ్మమ్మలే. కూతురి పురిటికని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళి, ఆరు నెలల వీసా గడువంతా వంటింట్లోనూ ఉయ్యాల దగ్గరా గడిపి వస్తున్నదీ వాళ్ళే. 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పనికి పదవీ విరమణ వయసు లేదు.

అందుకే నెల నెలా చేతికందే పింఛనును మేము చాలా పెద్ద విషయంగా చూస్తాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది 4000 రూపాయలు, ఒకటో తేదీన ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. తెలంగాణలో 2016 రూపాయలు. కేంద్రం తన వంతుగా ఇచ్చేది మాత్రం 60 నుంచి 79 ఏళ్ళవారికి 200 రూపాయల దగ్గరే ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. ఆ 200లో ఇప్పుడు ఏం వస్తుందో ఢిల్లీలో ఉన్నవాళ్ళు ఒకసారి కిరాణా కొట్టుకు వెళ్ళి కనుక్కుంటే బాగుంటుంది. పింఛను డబ్బు చేతిలో ఉన్న రోజు ముసలమ్మ నడక వేరు. మనవడికి బిస్కెట్ పొట్లం కొంటుంది, ఆరెంపీ దగ్గర గోలీలకు తానే ఇస్తుంది, కోడలికి గ్యాసు బండకు సర్దుతుంది. ఇంట్లో ఆమె మాటకు కాస్త విలువ పెరుగుతుంది. అయితే నాట్లకు, అంట్లకు అరిగిపోయిన వేళ్ళు వేలిముద్రల మిషను మీద పడవు. ‘అవ్వా, గట్టిగా నొక్కు, ఇంకో వేలు పెట్టు, చెయ్యి తుడుచుకో’ అని పది వేళ్ళూ పెట్టించినా పడని రోజులుంటాయి. కనుపాప, ముఖం చూసి గుర్తించే ఏర్పాట్లు వచ్చాయి కాబట్టి కొంత నయం. ఒక ఇంటికి ఒకటే వృద్ధాప్య పింఛను అన్న నిబంధన దగ్గర ఇంకా ఇబ్బంది ఉంది. ఇద్దరూ అర్హులైన చోట అది చాలాసార్లు ఆయన పేరుతోనే ఉంటుంది. ఆయన పోయిన మరుసటి నెల నుంచే ఆలస్యం లేకుండా ఆమెకు మారేలా చూడటం మంచి పని. బతికి ఉండగానే ఆమెకూ వేరుగా ఇస్తే ఇంకా మంచిది.

ఈ తరాన్ని నిస్సహాయుల గుంపుగా చూస్తే పొరపాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా మీద లేచిన ఆడవాళ్ళు అప్పుడు పాతికా ముప్పై ఏళ్ళవాళ్ళు. రాష్ట్రంలో సారా ఆగింది వాళ్ళ వల్ల, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది వాళ్ళ వల్ల. తరువాత డ్వాక్రా సంఘాలు కట్టి, తీర్మానాల పుస్తకం రాయించుకుని, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నదీ వాళ్ళే. అరవై నిండేసరికి ఆ సంఘమే వాళ్ళను ఇక చాలమ్మా అంది. బయట నలుగురితో కూర్చునే ఒకే ఒక్క చోటు అలా పోయింది. 2009లో వచ్చిన అభయహస్తం పథకంలో సభ్యురాలు రోజుకో రూపాయి వేస్తే ప్రభుత్వం ఇంకో రూపాయి కలిపి, అరవై తరువాత నెలకు కనీసం 500 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉండేది. తన ముసలితనానికి తానే కూడబెట్టుకున్నానన్న ధీమా అందులో ఉంది. ప్రభుత్వాలు మారేసరికి అది కొనసాగలేదు. తెలంగాణ 2025లో సంఘాల్లో పై వయసును 60 నుంచి 65కి పెంచింది. ఆ అయిదేళ్ళతో ఆపకుండా పెద్దవాళ్ళకే ప్రత్యేకంగా సంఘాలు ఉంటే ఏం? వారానికోసారి అంగన్‌వాడీ గదిలోనో రామాలయం అరుగు మీదో కూర్చుని, బీపీ చూపించుకుని, ఎవరికి కళ్ళు కనబడటం లేదో ఎవరికి ఇంట్లో కష్టంగా ఉందో మాట్లాడుకుంటే చాలు. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు, వకీలు అవసరం లేదు, నెలకు 10,000 దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. 14567 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. కానీ ‘కన్న కొడుకు మీద కేసా’ అని మెట్ల దగ్గరే ఆగిపోయే తల్లులకు చట్టం కంటే ముందు కావలసింది, అక్కడిదాకా రానివ్వని ఏర్పాటు. భర్త ఉండగానే ఇంటి కాగితంలో ఆమె పేరు ఉండాలి. పంపకం రోజున ఆమె వాటా ఆమెకు చూపించి, వద్దన్నా ఆమె పేరుతోనే ఉంచాలి. పేదల ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరుతోనే ఇస్తూ ప్రభుత్వం ఈ దారి ఎప్పుడో చూపింది. స్తోమతు ఉన్న ఇళ్ళే ఇందులో వెనకబడి ఉన్నాయి.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి ఆయన దుఃఖం పసివయసులోనే భర్తను పోగొట్టుకున్న పిల్లల గురించి. వితంతువును పక్కన పెట్టే అదే కట్టుబాటు ఇప్పుడు డెబ్భై ఏళ్ళ తల్లుల మీద పడి ఉంది. తన చేతుల మీద పెంచిన మనవరాలి పెళ్ళిలో ఆమె వెనక వరసలో, స్తంభం పక్కన కూర్చుంటుంది. మంగళ స్నానానికి, తలంబ్రాల బియ్యం కలపడానికి ఆమెను పిలవరు. ఎవరూ పొమ్మనరు, ఆమే తప్పుకుంటుంది. ఆమెను చెయ్యి పట్టుకుని పీట మీదికి తెచ్చిన కుటుంబాలు లేకపోలేదు. బొట్టు పెట్టి పంపిన కోడళ్ళూ ఉన్నారు. అలాంటి పెళ్ళికి వెళ్ళినప్పుడు అతిథులుగా మనం చేయగలిగింది ఒకటే. ముందు ఆమె దగ్గరికే వెళ్ళి అక్షింతలు వేయించుకోవాలి.

త్వరలో జనగణన. 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క తీయడానికి మన ఇళ్ళకు వస్తారు. ఆ రోజుల్లో ఎవరి వంతు నడుస్తుంటే ఆ ఇంటి లెక్కలోకి అమ్మ వెళుతుంది. యజమానికి ఏమవుతారు అంటే తల్లి అని రాసుకుంటారు. ఏం పని చేస్తారు అని అడిగితే, పక్కనున్న కొడుకో మనవడో ‘ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అని జవాబిస్తాడు. ఈసారి ఆ జవాబు మనం చెప్పవద్దు. వచ్చినవాళ్ళకు కుర్చీ వేసి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, తన వయసూ తన పనీ ఆమెనే చెప్పనిద్దాం.